సుడి లేని ఇంజను

రెండో లాగుకే ఇంజను పలికింది. పలకకూడని పడవ ఇంజను అది. నడి నీళ్ళలో ప్రాణం విడిచి, కుప్పయ్య చెల్లెలి కడుపున పుట్టాల్సిన బిడ్డను మింగిందని చెప్పి, గోనెపట్టలో చుట్టి ఆమె మొగుడు దొరస్వామి అతని చేతికి అప్పగించిన ఇంజను. దాన్ని బస్సు టాపు మీద వేయించి, కాళాస్త్రి మీదుగా తిరుపతి దాకా కుప్పయ్య మోసుకొచ్చింది పాత ఇనుము కింద ఎవరికైనా పనికొస్తుందని మాత్రమే. మెకానిక్ ధనంజయ దాన్ని నీళ్ళు నింపిన పీపాకు తగిలించి, గిద్దెడు పెట్రోలు పోసి, తాడు చుట్టి ఒకసారి లాగితే తుమ్మింది. రెండోసారి లాగితే షెడ్డు రేకులు అదిరిపోయేలా అరిచింది. పీపాలో నీళ్ళు కుతకుతమని పొంగి కుప్పయ్య పంచె తడిపేశాయి. "దీనికేమొచ్చిందన్నా, గుండ్రాయి మాదిరి ఉండాది గదా" అన్నాడు ధనంజయ. అని, దాన్ని ఆపి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఇంటికి పోయి నాలుగు మెతుకులు తిని వస్తాను, అంతలో ఆ మిగతా రెండిట్లో ఏది కావాలో తేల్చుకో, కాళాస్త్రి బస్సుకు ఇంకా పొద్దుంది అని చెప్పి వెళ్ళిపోయాడు. తనెంత మాట అనిపోయాడో అతనికి తెలియదు.

కుప్పయ్య బోర్లించిన కిరసనాయిలు డబ్బా మీద కూర్చుని మూడింటినీ చూస్తున్నాడు. ఎడమ పక్కన పెద్దది, ఆకుపచ్చ రంగుది, అమెరికా సిపాయిల పడవలను తోసినదట, ఇద్దరు పడితే గాని లేవదు. కుడి పక్కన చిన్నది, బూడిద రంగుది, ఒక్క మనిషి చంకన పెట్టుకుని పోవచ్చు. యుద్ధం అయిపోయాక మద్రాసులో మిలిటరీ సామాను వేలం వేస్తుంటే ధనంజయ పాడుకొచ్చిన సరుకు ఆ రెండూ. మిలిటరీలో లారీలు బాగుచేసి వచ్చినవాడు కదా, ఇప్పుడు తిరుపతి రైలుస్టేషను వెనక ఈ రేకుల షెడ్డు వేసి, బొగ్గుతో నడిచే బస్సులకు వైద్యం చేస్తున్నాడు. నడుమన పాతది, పీపాకు వేలాడుతూ ఇంకా నీళ్ళు కారుస్తున్నది. వచ్చిన పని ఆ పక్కదాన్నో ఈ పక్కదాన్నో ఎంచుకోవడం. కళ్ళేమో మాటిమాటికీ నడుమదాని మీదికే పోతున్నాయి. బతికే ఉన్నావా నువ్వు? బతికి ఉండి మరి ఆవేళ ఎందుకు నోరు మూసుకున్నావు? ఇప్పుడెందుకు తెరిచావు, తెరవకుండా ఉంటే నీ సొమ్మేం పోయింది? ఇంజనుతో మాట్లాడుతున్నానా నేను, అనుకున్నాడు కుప్పయ్య. ఎద్దుతో మాట్లాడితే తప్పులేదు, ఇనుముతో మాట్లాడితే పిచ్చి అంటారు. ఎండకు రేకులు కాలి షెడ్డులో పొయ్యి మీద కూర్చున్నట్టుంది, తల దిమ్ముగా ఉంది, చెవుల్లో ఆ అరుపు ఇంకా ఆగలేదు.

అసలు వడమాలపేటవాడికి పడవ ఇంజను బేరం ఏమిటి? అతనికి నీళ్ళంటే బావి అడుగున ఉండేవి, ఎద్దులను కట్టి పైకి లాగాల్సినవి. నీళ్ళ మీద మనిషి కూర్చుని పోతాడన్న సంగతే చెల్లెలి పెళ్ళిలో మొదటిసారి చూశాడు, చూసి గట్టు మీదే కూలబడ్డాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టు ఉంది వ్యవహారం. బయట రోడ్డు మీద నిజం బోడిగుండ్లే పోతున్నాయి, గంధం పూసుకుని, కొండ దిగి రైలు కోసం. ఎదురుగా అలిపిరి వైపు పోయేవాళ్ళు గోవిందా అని కేక వేస్తే దిగి వచ్చినవాళ్ళు తిరిగి గోవిందా అంటున్నారు. ఏడుకొండలవాడిని అడుగుదామా ఏది మంచిదో? ఆయనకు మాత్రం ఇంజన్ల సంగతి ఏం తెలుసు, గరుడుడి మీద తిరిగేవాడు. ఈ ముడి వేసింది చెల్లెలు తిరుమలమ్మ. మా అన్న చెయ్యి వేసిన ఎద్దు ఏనాడూ కాడి దింపలేదు అని ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ గొప్ప. ఆ మాట నిజమే, పుత్తూరు సంతలో కుప్పయ్య వేళ్ళు ఎద్దు ఒంటి మీద సుళ్ళ కోసం వెతుకుతుంటే అమ్మేవాడు ఊపిరి బిగబట్టుకుంటాడు. వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు సుడి. ఒక చోట ఉంటే ఇంటికి పంట, ఇంకో చోట ఉంటే యజమానికి పాడె, పాడె సుడి ఉన్న ఎద్దును ఊరికే ఇచ్చినా తోలుకుపోరు. వెతికి వెతికి కుప్పయ్య తల ఊపితే బేరం కుదిరినట్టే. ఆ వేళ్ళకు సుళ్ళ మీద నమ్మకం లేదని, సంతలో నలుగురి కోసం తడుముతాడే గాని ఎంచుకునేది వేరే రకంగానని, భార్య గురవమ్మకు కూడా ఈనాటికీ తెలియదు.

తిరుమలమ్మకు అసలే తెలియదు. తెలిస్తే ఆ మాట అనేదా? పోయిన నెల దిబ్బకు వెళ్ళినప్పుడు చెప్పింది, గంజి వార్చుతూ, ఏదో మామూలు మాట చెప్పినట్టు. కుప్పయ్యకు పులికాటు కూడా చెరువే, అంత పెద్ద నీటికి వేరే పేరు అతని దగ్గర లేదు. ఆ చెరువు నడుమ ఒక ఇసుక దిబ్బ, దాని మీద నలభై గడపలు, నాలుగు తాటిచెట్లు. దొరస్వామి వాళ్ళు తమవాళ్ళే, తాతల నాడు ఉప్పు పని మీద అక్కడికి పోయి ఉండిపోయారు. ఉప్పు మడుల మీద అధికారిగా ఉన్న కొటారు దొర వెళ్ళిపోతూ ఇచ్చిన ఇంజనును తన చిన్న పడవకు తగిలించి దొరస్వామి దిబ్బ మనుషులను గట్టుకు, గట్టు మనుషులను దిబ్బకు దించుతుంటాడు. దిబ్బకు వేరే దారి లేదు. తిరుమలమ్మకు మళ్ళీ ఏడో నెల. ఈసారి పుట్టింట్లోనే పురుడు, తిరుపతిలో ఆసుపత్రి ఉంది, దొరసాని డాక్టరమ్మ ఉంది, పోయినసారి బిడ్డ అడ్డం తిరిగింది కాబట్టి ఈసారి మంత్రసాని చేతిలో పెట్టేది లేదు, వానలు పట్టకముందే తోడుకుని పోతాను అని కుప్పయ్య అంటే, గిన్నె మూత సర్దుతూ అంది, "నువ్వు సూసి తెచ్చిన ఇంజనయితే ఎక్కుతానన్నా. లేకుంటే ఈ దిబ్బ మీదనే ఏమయితే అదవుతుంది." కోపం లేదు, ఏడుపు లేదు. ఎవరి పడవా ఎక్కదట, గెడ వేసి తోసే పడవ మాట ఎత్తితేనే రెండు చెవులూ మూసుకుంటుందట. గురవమ్మతో ఒక్కసారి చెప్పుకుంది. నొప్పుల కంటే ఆ నిశ్శబ్దమే భయం వదినా, డబడబమని పోతా పోతా ఉన్నది టక్కున ఆగిపోయింది, గాలి తప్ప ఏమీ వినపడలేదు, నా బిడ్డ కూడా అట్లానే ఆగిపోయినాడు అని.

అంటే ఇంజను బాగుంటే చెల్లెలు పడవ ఎక్కుతుంది, ఎక్కితే ఆసుపత్రి, ఎక్కకపోతే అదే దిబ్బ, అదే మంత్రసాని, కార్తీకంలో అదే గాలి. లెక్క సులువుగానే ఉంది కదా, నిన్న రాత్రి బస్సులో కూడా సులువుగానే ఉంది. చెడ్డ ఇంజను ఇచ్చేసి మంచి ఇంజను తీసుకుపోవడం. ఇప్పుడు చెడ్డ ఇంజనే లేకుండా పోయింది. చెడ్డది ఇంజనులో లేకపోతే ఎక్కడుంది? ట్యాంకు మూత తీసి చూసినప్పుడు ధనంజయ అన్నాడు, లోపల చుక్క లేదు, ఎండి దుమ్ము పట్టి ఉంది అని. మళ్ళీ తనే అన్నాడు, అన్ని నెలలు పడి ఉంటే ఉన్నది కూడా ఆవిరైపోతుందిలే అని. ఏది నిజం? ఆవేళ ఉందా, లేదా? నాచు చుట్టుకుందేమో, నీళ్ళు దూరి మళ్ళీ ఆరిందేమో, అట్లా కూడా ఆగుతుందా అని ధనంజయను అడగొచ్చు, అడిగితే ఆగుతుందనే అంటాడు. ఇంజను అన్నాక ఎందుకైనా ఆగుతుంది. అడిగి ఏం చెయ్యాలి?

కానీ దొరస్వామి మాట ఒకటి ఉంది, ఆవేళ వినీ విననట్టు వదిలేసినది, ఇప్పుడు పంటి కింద రాయిలా తగులుతున్నది. కబురు తెలిసి కుప్పయ్య పరుగెత్తుకు వెళ్ళినప్పుడు గట్టు మీద ఆసుపత్రి వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు దొరస్వామి. "ఇంజను ఆగిపోయింది బావా" అన్నాడు. తర్వాత కాసేపటికి మళ్ళీ అదే మాట. మూడోసారి కూడా అదే, ముఖం ఎత్తకుండా. ఆ నడుమ ఎప్పుడో, ఎవరూ అడగకుండానే, నిన్నంతా పెండ్లోళ్ళను దించతానే ఉన్న్యా బావా, అయిదారు తూర్లు తిరిగినాను అన్నాడు. ఎందుకన్నాడు ఆ మాట? అప్పుడు అలసట అనుకున్నాడు కుప్పయ్య. పెట్రోలు కూపన్ల మీద దొరికే కాలం, ఉప్పు కొటారువాళ్ళు దయతలచి పోస్తే పోసినట్టు. అయిదారుసార్లు తిరిగితే ట్యాంకులో ఏం మిగులుతుంది? మర్నాడు తెల్లారకముందే నొప్పులు వస్తాయని అతనికి మాత్రం ఎలా తెలుసు, ఇంకా నెల ఉంది కదా. మంత్రసాని చేతులెత్తేసి ఆసుపత్రికి తీసుకుపొమ్మంటే, ఆ కంగారులో మనిషిని ఎత్తుకుని పడవలో వేసి తాడు లాగి ఉంటాడు. మూత తీసి చూసి ఉండడు. చూసి ఉంటే? పక్కింట్లో సీసాడు పెట్రోలు దొరికేదేమో. దొరికేదా ఆ దిబ్బ మీద? చూసి ఉంటే, చూసి ఉంటే. ఒక్క క్షణం కుప్పయ్యకు దొరస్వామి గొంతు పట్టుకోవాలనిపించింది. నిజంగానే చేతులు బిగుసుకున్నాయి. ఒక్క మూత తిప్పి చూడలేకపోయావా, మనిషి ప్రాణం పడవలో పెట్టుకుని? నా చెల్లెలిని నీ చేతిలో పెట్టినందుకు, తల్లి లేని పిల్లను.

అంతలోనే ఆ మనిషి చేతులు గుర్తుకొచ్చాయి. ఆవేళ వసారాలో దొరస్వామి చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఉన్నాడు. అరిచేతుల్లో తోలు లేదు. ఇంజను ఆగిన చోటి నుంచి గట్టు దాకా, ఆ ఎదురుగాలిలో, గెడ వేసి తోస్తూనే వచ్చాడట, మధ్యలో ఒకసారి కూడా ఆపలేదట, వెదురు గెడ మీద రక్తం ఎండిపోయి ఉందని మంత్రసాని చెప్పింది. ఆ చేతులతో అన్నం కూడా తినలేకపోతే నర్సు స్పూనుతో పెట్టింది. అట్లాంటివాడిని గొంతు పట్టుకుని ఏమని అడగడం? దొరస్వామికి తెలుసా, ట్యాంకు సంగతి? తెలిసే ఇంజను మీద వేశాడా, తెలియకా? ఆ రోజు నుంచీ దాన్ని ఒక్కసారి కూడా లాగి చూడలేదట, గోనెపట్ట కప్పి మూల పడేసి, దిబ్బవాళ్ళను గెడతోనే దించుతున్నాడు. లాగితే పలుకుతుందని భయమేమో. పలికితే ఇంక ఆ ఇంట్లో ఎట్లా ఉండాలి? తను తెచ్చి లాగించాడు చూడు, పనీపాటా లేకుండా, పాత ఇనుముకు ఎంతొస్తుందో అని. కుప్పయ్యకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇప్పుడీ సంగతి తెలిసినవాడు లోకంలో తనొక్కడు. కాదు, ధనంజయ కూడా, కానీ అతనికి తెలిసింది ఇంజను బాగుందని మాత్రమే.

చెప్పాలా తిరుమలమ్మకు? చెప్పాలి, బిడ్డ పోగొట్టుకున్నది తను, దేనివల్ల పోయాడో తెలుసుకునే హక్కు తనకు కాక ఎవరికి ఉంది. చెప్పకూడదు, ఏడో నెలలో ఉన్న మనిషికి నీ మొగుడు ట్యాంకు చూసుకోలేదని చెప్పి, అదే మొగుడి పడవలో ఎక్కమంటే ఎక్కుతుందా, ఎక్కదు, దిబ్బ మీదే ఉండిపోతుంది. పురుడయ్యాక చెబితే? బిడ్డను ఒళ్ళో పెట్టుకున్నాక? అప్పుడు మాత్రం ఆ ఇంట్లో అన్నం ఎవరు వండుతారు, ఎవరు తింటారు? పాత ఇంజనునే తుడిచి, ఇదిగో బాగుచేయించానని తీసుకుపోతే? ఛీ, ఆ ఇంజను ముఖం ఆమె మళ్ళీ చూడదు. మూడు ఇంజన్లు ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్కటీ పడవ ఇంజనులాగా కనిపించడం లేదు. గోవిందా, అని మళ్ళీ కేక. ఎవరో ముసలామెది, గొంతు బొంగురుగా, నాయన గొంతులాగా.

నాయన. ఎందుకు వచ్చాడు ఈ ఇనుప కంపులోకి? చెంగయ్య అని, చచ్చి నాలుగేళ్ళయింది, బతికి ఉన్నప్పుడు కూడా రోజుకు పది మాటల కంటే మాట్లాడేవాడు కాదు. అమ్మ పోయిన రెండు వారాలకు రాముడిని సంతకు తోలాడు. రాముడు ఎద్దు, తెల్లటిది, కుప్పయ్య చెవి పక్కన ఊపిరి విడిస్తే వెచ్చగా ఉండేది. ఆ పొద్దు ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలుతున్నది నాయన, అమ్మ కడవతో బావి మెట్లు దిగింది, తిరుమల పాలు తాగే పిల్ల, గట్టు మీద గోనెపట్టలో పడుకోబెట్టి ఉంది. ఎద్దులు నిండు బానను సగం దాకా లాగాక మోకు తెగింది. అంతే. బాన మెట్ల మీద, అమ్మ మీద పడిన చప్పుడు కుప్పయ్యకు ఇప్పటికీ వినపడుతుంది, దాని తర్వాతి నిశ్శబ్దం కూడా. తిరుమల చెప్పిన నిశ్శబ్దం ఇదేనేమో. మోకు అరిగిపోయిందని నాయన ముందే చెప్పాడు, కొత్త మోకు తెచ్చి కొట్టంలో కొయ్యకు తగిలించి కూడా ఉంది, మార్చాల్సింది చిన్నాయన మునిరామయ్య. ఆ ముందు రాత్రి పుత్తూరులో తోలుబొమ్మలాట చూసి వచ్చి పొద్దెక్కేదాకా పడుకున్నాడు. ఆ కొత్త మోకు, చుట్టలు చుట్టలుగా, కొయ్యకు వేలాడుతూ ఉండటం ఇల్లంతా చూసింది. చిన్నాయన దాన్ని చూసి కొట్టంలోనే గడ్డిలో ముఖం పెట్టుకున్నాడు, మూడు రోజులు లేవలేదు. ఊరివాళ్ళు రాబోతున్నారు, అడగబోతున్నారు, అత్తలు అప్పుడే నోళ్ళు నొక్కుకుంటున్నారు.

దినాలు కాగానే నాయన రాముడిని విప్పి వాకిట్లోకి తెచ్చి అందరి ముందరా అన్నాడు, దీనికి పాడె సుడి ఉంది, చూసుకోకుండా కొన్నాను, దీనితోనే నా ఇల్లు కూలింది అని. ఇంక ఎవరూ మోకు మాట ఎత్తలేదు. సుడి ఉన్న ఎద్దు ఉండగా మోకుతో పనేముంది, కొత్త మోకు అయినా తెగేదే అన్నారు. ఆ సాయంత్రం కుప్పయ్య రాముడి ఒళ్ళంతా తడిమాడు, వీపు, పక్కలు, తోక కింద, మెడ కింద మడతల్లో. ఎక్కడా లేదు. మర్నాడు ఏడుస్తూ నాయన వెంట సంత దారి దాకా పరుగెత్తి అడిగాడు, యాడుండాది నాయనా సుడి, నాకు సూపీ అని. నాయన ఆగాడు. ఎద్దు వైపు చూడలేదు, కొడుకు వైపూ చూడలేదు. "ఉండాదని నేను సెప్పినా గదా" అన్నాడు. ఎన్నాళ్ళు కోపం పెట్టుకున్నాడు కుప్పయ్య, ఎంత అబద్ధాలకోరు నాయన అని, పాపం నోరులేని ఎద్దు మీద వేశాడని. ఆ కోపంతోనే సుళ్ళ మీద నమ్మకం చచ్చిపోయింది. తిరుమలకు మాత్రం ఆ అబద్ధమే నిజం, అమ్మను ఎద్దు సుడి తీసుకుపోయిందనే పెరిగింది, పెరిగింది ఎవరి భుజాల మీద? చిన్నాయన భుజాల మీద. తన పెళ్ళి కూడా ఎగ్గొట్టుకుని, అన్న పిల్లల అన్నం, జడలు, జ్వరాలు, అంతా చిన్నాయనే. అప్పగింతలప్పుడు తిరుమలమ్మ నాయన కాళ్ళకు మొక్కి చిన్నాయనను కావలించుకుని ఏడ్చింది. చిన్నాయన బతికినన్నాళ్ళూ మోకును ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తడిమి చూడకుండా ఒక్క పొద్దు కూడా కపిల కట్టలేదు. జ్వరంతో ఉన్న రోజు కూడా మంచం మీదికి తెప్పించుకుని తడిమాడు. ఆ తడమడం చూసి పిల్లలు నవ్వేవాళ్ళు.

కుప్పయ్య డబ్బా మీద నుంచి లేచాడు. ఎందుకు లేచాడో తెలియదు. నాయన మోకు మాటే పట్టుకుని ఉంటే? చిన్నాయన బావిలో దూకి ఉండేవాడు, లేదా ఊరు విడిచి పోయేవాడు. తిరుమలకు అమ్మతో పాటు ఆ భుజాలు కూడా లేకుండా పోయేవి. మరి ఎద్దు? ఎద్దుకు అన్యాయం జరిగింది, అది మాత్రం నిజం, దానికి జవాబు లేదు. కానీ ఇది ఎద్దు కూడా కాదే, ఇనుము. ఇనుముకు ఏడుపేముంది? అయినా పాతదాని మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగా ఉంది, చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. నాయనలాగా తనూ తప్పంతా దీని మీదే వేస్తే సరేనా, తప్పేనా? దొరస్వామి చిన్నాయన లాంటివాడని ఎవరు చెప్పొచ్చారు? రేపు మళ్ళీ మూత తీయకుండా తాడు లాగితే? ఆ అరిచేతులు చూశాను కదా. చూస్తే మాత్రం? ఏమో, ఏమీ తెలియడం లేదు, నాయనకు కూడా ఇంత గందరగోళంగా ఉండిందో ఏమో, బయటికి కనబడనివ్వలేదు. వెంట తను ఉంటే సరి. పెట్రోలు తనే తీసుకుపోతాడు, తనే పోయించి, తనే చూసి, చెల్లెలి పక్కనే పడవలో కూర్చుంటాడు. నీళ్ళంటే గుండె జారే మాట నిజమే, కళ్ళు మూసుకుంటాడు. చెల్లెలు గట్టెక్కేదాకా దిబ్బ మీదే ఉంటాడు, ఒక పంట ఎండితే ఎండనీ.

మరి ఏది? పెద్దదా, చిన్నదా? అప్పుడు గాని తనకు బాగా తెలిసిన పని గుర్తుకు రాలేదు. సంతలో సుళ్ళు తడమడం నలుగురి కోసం, అసలు పని వేరు. జతలో ఒకటి పోతే కొత్తదాన్ని చూసి కొనకూడదు, ఇంట్లో మిగిలిన ఎద్దును చూసి కొనాలి. మిగిలినదాన్ని సంతకు తోలుకుపోయి పక్కన నిలబెట్టి, కాడి రెండిటి మెడల మీదా సమంగా కూర్చుందా లేదా చూడాలి. ఎంత మంచి ఎద్దయినా పాతదాన్ని ఈడ్చుకుపోయేదయితే దండగ. ఇక్కడ మిగిలిన ఎద్దు పడవ. పడవను తిరుపతికి తోలుకు రాలేదే. అయితే పాత ఇంజను పడవను పట్టుకునే మరలు దొరస్వామి విప్పినప్పుడు ఎంత విప్పాడో అంతే ఉన్నాయి, పడవ వెనక పలక ఎంత మందమో ఆ దవడల సందులో అట్లాగే ఉంది, పలక చెక్కు కూడా ఒకటి అంటుకుని ఉంది. కుప్పయ్య వేళ్ళు పెట్టి కొలిచాడు. పైనుంచి నీళ్ళలోని రెక్కల దాకా జానలు వేశాడు. ఎత్తి బరువు చూశాడు. పెద్దదాని దవడలకు ఆ పలక చాలదు, బిగిస్తే పలకనే నమిలేస్తుంది, పోనీ బిగిసినా ఆ చిన్న పడవ వెనక్కి కూర్చుని ముక్కు పైకి ఎత్తుతుంది. చిన్నదాని కొలత పాతదానికి వేలెడు తేడాతో సరిపోయింది. అంతసేపట్లో అతని బుర్రకు నిలకడగా అందిన సంగతి అదొక్కటే.

ధనంజయ వక్క నములుతూ వచ్చాడు. కుప్పయ్య చిన్నదాన్ని చూపించాడు. ధనంజయ దాన్ని కూడా పీపాకు తగిలించి, లాగి, అరిపించి, బాగుంది, చిన్న పడవకు ఇదే పొందిక అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. తల గోక్కుని, పాతదాని వైపు చూసి, మనసొప్పక అన్నాడు, "ఒక మాట సెప్తా, ఏమీ అనుకోవద్దు. నీ పాతదానికి ఏ జబ్బూ లేదు. ప్లగ్గు తుడిచి ఇస్తా, తీసకపో. ఉత్తపుణ్యానికి మార్చేదెందుకన్నా?"

మంచివాడు. సరుకు అమ్ముకునేవాడు ఎవడూ అనని మాట. ఇంకా మించిపోలేదు, ఇప్పుడైనా సరే అనొచ్చు, దాన్నే ఎత్తుకుపోయి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు, నిజం కదా, నిజానికి మించింది ఏముంది. బయట బస్సు హారను వేసింది, కాళాస్త్రి బస్సేనా, ఇంకొకటా.

"దానికి పాడె సుడి ఉండాదప్పా" అన్నాడు.

ధనంజయ నవ్వబోయాడు. కుప్పయ్య ముఖం చూసి ఆపుకున్నాడు. పాకాల పక్క సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినవాడు, ఆ మాట ఎద్దుల విషయంలో ఎంత దూరం పోతుందో ఎరుగును. ఇంజను విషయంలో ఎప్పుడూ వినలేదు. వంగి, గుడ్డతో తుడుస్తూ, పాతదాన్ని పైనుంచి కింది దాకా, చుట్టూరా, రెక్కల దాకా చూశాడు.

"యాడుండాదన్నా?"

"ఉండాదని నేను సెప్పినా గదా."

గొంతు తనది కాదు. సంత దారి మీద ఎద్దు పలుపు పట్టుకుని, ఎటూ చూడకుండా నిలబడిన మనిషిది. ఇన్నేళ్ళకు కుప్పయ్యకు ఆ మనిషి మీద కోపం పోయి, ఆ చోట ఏడుపు వచ్చింది, దాన్ని మింగేసి, రెండు డబ్బాల పెట్రోలు కావాలి, నీ కూపన్లలోనివే అయినా సర్దిపెట్టు అని అడిగాడు. ధనంజయ చిన్నదాన్ని ఆ గోనెపట్టలోనే చుట్టి, తనే మోసి బస్సెక్కించాడు. పాతదాన్ని సముద్రం పక్కవాళ్ళకు అమ్మనులే అని, అడక్కుండానే అన్నాడు.

పెట్రోలు డబ్బాలను చూసి కండక్టరు గొడవ పెట్టుకున్నాడు, బస్సు వెనక బొగ్గుపొయ్యి మండుతుంటే ఇవెక్కడి దాపురం అని. చివరికి డ్రైవరు పక్కన ముందు సీటు చూపించాడు. ఒక డబ్బా కాళ్ళ మధ్య, ఒకటి ఒళ్ళో. బస్సు కదిలింది. ఇది మంచి పనో చెడ్డ పనో తెలియదు, కాళాస్త్రి చేరేలోపు తెలుస్తుందన్న ఆశా లేదు. పాతదానికి ఏమయిందన్నా అని తిరుమలమ్మ అడుగుతుంది, అడిగి తీరుతుంది. సుడి అంటాడు. నమ్ముతుంది, అమ్మ విషయంలో నమ్మినట్టే, పడవెక్కుతుంది. దొరస్వామి నమ్మడు. అతను మాత్రం నమ్మడు. ఈ డబ్బాను అతని చేతుల్లో పెట్టాలి, ఏమీ అనకూడదు, ఇచ్చేటప్పుడు ఆ అరిచేతులు మానాయో లేదో మాత్రం చూడాలి అనుకుంటూ, కుప్పయ్య డబ్బా మూత బిగువుగా ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాడు. రేణిగుంట దాటాక మళ్ళీ చూసుకున్నాడు.